పంపింగ్ 65 ఉంటే గుండె బాగున్నట్టేనా? వాల్వుల గురించి అపోహలు – వాస్తవాలు

ఎకో (గుండె స్కానింగ్) చేసి ఇంకా జెల్ తుడవకముందే, పక్కన నిలబడ్డ కొడుకో కూతురో అడిగే మాట ఒకటే: "పంపింగ్ ఎంతుంది సార్?" 65 అనగానే అందరి మొహాలూ తేటపడతాయి. గుండె లోపలి తలుపు, అదే వాల్వు సంగతి చెబుదామని నోరు తెరిచేలోపు ఫైలు సర్దేసుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పంపింగ్ శాతం బాగుంటే గుండెకి ఢోకా లేదు.

వాస్తవం: ఎడమ జఠరిక, అంటే గుండెలో ఎడమవైపు కింది గది, తనలో నిండిన రక్తంలో ఎంత శాతం బయటికి నెట్టిందో ఆ అంకె చెబుతుంది. ఎటువైపు నెట్టిందో చెప్పదు. ఊళ్లో చేతి బోరింగు కొట్టినవాళ్లకి ఇది ఇట్టే తెలుస్తుంది. లోపల వాషర్ అరిగితే ఎంత కొట్టినా బిందె నిండదు, సగం నీళ్లు లోపలికే జారిపోతాయి. గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు బాగా లీకైనప్పుడూ అంతే. ఒంటికి చేరాల్సిన రక్తంలో కొంత వెనక్కి, పై గదైన ఎడమ కర్ణికలోకి పోతుంది. అక్కడ ఒత్తిడి తక్కువ కాబట్టి నెట్టడం సులువు, అందువల్ల అంకె ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. అందుకే తీవ్రమైన లీకు ఉన్నవారిలో పంపింగ్ 60కి దిగినా, ముడుచుకున్నప్పుడు జఠరిక వెడల్పు 40 మిల్లీమీటర్లకి చేరినా ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. పంపింగ్ 40కి పడేదాకా ఆగితే, వాల్వు బాగుచేసినా అలిసిపోయిన కండరం పూర్తిగా కోలుకోకపోవచ్చు.

అపోహ: వాల్వులు కండరంలా వాటంతట అవే తెరుచుకుంటాయి.

వాస్తవం: లేదు. అవి పలచని రేకులు. అటూ ఇటూ ఒత్తిడి తేడాని బట్టి తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. మైట్రల్ వాల్వుకి రెండు రేకులు, మిగతా మూడింటికీ సాధారణంగా మూడేసి. మైట్రల్ రేకుల అంచులకి తెల్లటి సన్నని తాళ్లు ఉంటాయి, తెరచాపకి కట్టినట్టు. ఆ తాళ్ల రెండో కొస జఠరిక గోడలోంచి పొడుచుకొచ్చిన చిన్న కండరాలకి అతుక్కుని ఉంటుంది. గుండె ముడుచుకునేటప్పుడు రేకులు వెనక్కి తిరగబడకుండా పట్టి ఉంచేవి ఇవే. ఒక తాడు తెగినా, హార్ట్ ఎటాక్‌లో ఆ కండరం దెబ్బతిన్నా, రేకు బాగానే ఉన్నా వాల్వు లీకవుతుంది.

అపోహ: వాల్వు సన్నబడిందంటే బ్లాక్ ఉన్నట్టే, స్టెంట్ వేస్తే సరి.

వాస్తవం: బ్లాకులు గుండె కండరానికి రక్తం తెచ్చే నాళాల్లో వస్తాయి. వాల్వులు లోపలి తలుపులు. రెండిటికీ వైద్యం వేరు.

అపోహ: గర్భంతో ఉన్నప్పుడు ఆయాసం మామూలే.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. ఏడో నెల అమ్మాయి, పడుకుంటే ఊపిరాడక మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతోంది. పంపింగ్ 60. ఎకోలో చూస్తే మైట్రల్ రేకు హాకీ కర్రలా వంగి, కొస కదలడం లేదు. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన దారి ఒకటికి వచ్చింది. చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత కీళ్లు వాచాయా అని అడిగితే వాళ్లమ్మ అవునంది. రుమాటిక్ జ్వరం మిగిల్చిన మచ్చ అది.

ఇక్కడ గుండె నెట్టడంలో లోపం లేదు, నిండటంలోనే ఉంది. గర్భంలో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. వేగం పెరిగితే నిండే సమయం తగ్గుతుంది. సన్నని దారి దగ్గర ఆగిన రక్తం ఊపిరితిత్తులకి ఎగదన్నుతుంది. వేగం తగ్గించే మందులు వాడతాం. చాలకపోతే, రేకులు అనుకూలంగా ఉంటే, గజ్జల దగ్గరి సిర గుండా బెలూన్ పంపి దారి వెడల్పు చేస్తాం. రుమాటిక్ జ్వరంతో వాల్వు దెబ్బతిన్నవారు మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ సూది డాక్టరు చెప్పకుండా మానకూడదు.

అపోహ: రిపోర్టులో 'ట్రివియల్ లీక్' (అతి కొద్దిపాటి లీకు) అని ఉంటే జబ్బే.

వాస్తవం: ఆరోగ్యవంతుల్లో చాలామందికి ఉంటుంది. దానికి టెన్షన్ వద్దు.

అపోహ: కొత్త వాల్వు వేశాక మందులక్కర్లేదు.

వాస్తవం: లోహపు వాల్వు వేస్తే రక్తం పలచబరిచే మాత్ర జీవితాంతం వాడాలి, రక్తం ఎంత పలచగా ఉందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోవాలి. తిరువనంతపురంలో తయారుచేసి 1990లో మొదటిసారి అమర్చిన మన చిత్ర వాల్వుకైనా ఇదే నియమం. ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఒకే మోతాదులో తింటే చాలు. రాత్రి నిశ్శబ్దంలో ఆ వాల్వు టిక్కుమని మీకే వినపడుతుంది. ఆ చప్పుడు మందగించినా, ఆగినా తెల్లారేదాకా చూడకండి, వెంటనే ఆసుపత్రికి రండి.