ట్యూబు ప్యాచ్ సూటుకు పట్టలేదు

హన్మకొండ

పిల్లలూ,

మొన్న గాలి కొట్టించుకోవడానికి వచ్చినప్పుడు షాపు దండెం మీద మనిషిలా వేలాడుతున్న నల్లటి సూటు చూసి "తాతా, ఇది రాకెట్ వాళ్లదా?" అని అడిగారు. గిరాకీలో పడి సరిగ్గా చెప్పలేదు. అది నా మనవరాలిది. ఐస్‌లాండ్‌లో సిల్ఫ్రా అని నీళ్లు నిండిన ఓ రాతి చీలిక ఉంది. ఏడాదంతా ఆ నీళ్లు 2 నుంచి 4 డిగ్రీలే. బిడ్డ అక్కడ టూరిస్టులను నీళ్లలోకి తీసుకెళ్తుంది. గాలికంటే నీళ్లు ఒంట్లో వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. అందుకే ఒంటికి చుక్క తగలకుండా ఈ డ్రైసూటు. లోపల వెచ్చటి బట్టలు, పైన ఇది.

ఈసారి ఇంటికొచ్చినప్పుడు ఎడమ మోకాలు తడుస్తోందంది. ఎన్నో ఏళ్లుగా పంక్చర్లు వేసినోణ్ని, ఇదెంత పని అనుకున్నా. చేతుల దగ్గర రెండు ఖాళీ సీసాలు, మెడలో రబ్బరు బంతి దూర్చాం. జిప్ మూసి, గాలి వదిలే వాల్వ్ బిగించి, బిడ్డ తెచ్చిన అడాప్టర్‌కు నా పంపు తగిలించి గాలి కొట్టాం. మరీ బిర్రుగా కాదు, అతుకులు విడిపోతాయి. ట్యూబైతే తసలలో ముంచేవాణ్ని. ఇంత సూటు ఎక్కడ ముంచాలి? సబ్బు నురుగు చేసి స్పాంజితో రుద్దాం. మోకాలు వెనక, అతుకు పక్కన, ఆవగింజంత బుడగ ఒకటి ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది. చాక్‌పీసుతో గుండ్రంగా గీశా.

అక్కడే తప్పు చేశా. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, సైకిల్ ప్యాచ్ అంటించేశా. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. మళ్లీ నురుగు పెడితే ప్యాచ్ అంచు నుంచి బుడగలు! ట్యూబు మొత్తం రబ్బరే. ఈ సూటు బట్ట మూడు పొరలు: పైన నైలాన్, నడుమ రబ్బరు, లోపల పాలిస్టర్. నా ప్యాచ్ పై బట్టనే పట్టుకుంది. గాలి దారాల సందుల్లోంచి నడుచుకుంటూ బయటపడింది.

బిడ్డ నవ్వలేదు, అదే నయం. ప్యాచ్ పీకి, సూటు తిరగేసి, చోటు కొలిచి, స్పిరిట్‌తో తుడిచి, యూరిథేన్ జిగురు పలచగా రాసింది. ఓ రాత్రంతా ముట్టుకోవద్దంది. నాకేమో సొల్యూషన్ ఐదు నిమిషాల్లో ఆరడం అలవాటు. రెండుసార్లు లేచి చూసొచ్చా. తెల్లారి నురుగు పెడితే ఒక్క బుడగా లేదు.

మెడ దగ్గర, మణికట్ల దగ్గర ఉండే పలచటి రబ్బరు పట్టీలు లేటెక్స్‌వి. ఎండ, నూనె, కరెంటు మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ వాటికి పడవు. నేనేమో మొదటిరోజు తీసుకెళ్లి కంప్రెసర్ పక్కనే తగిలించా! అవి జిగటగా మారినా, సన్నటి పగుళ్లు కనిపించినా అతికించడం ఉండదు, కొత్తవి వేయాల్సిందే. వేసుకునేముందు వాసన లేని టాల్కం పౌడర్ రాస్తారు. గోళ్లు పొడుగ్గా ఉంటే అక్కడే చిరుగుతాయి.

జిప్‌ను ఎప్పుడూ మడత పెట్టి నలపొద్దు. ఇత్తడి జిప్ అయితే పళ్లకు బయటివైపు మైనం రుద్దాలి. ప్లాస్టిక్‌ది అయితే మైనం వద్దు, జిప్ వెళ్లి ఆగే కొసన కొంచెం సిలికాన్ గ్రీజు చాలు.

వాల్వుల జోలికి మాత్రం నేను పోలేదు. 10 మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపవుతుంది, సూటులో గాలి సగానికి కుంచించుకుపోయి ఒంటిని నొక్కుతుంది. అందుకే ఛాతీ మీది వాల్వ్‌తో గాలి నింపుకుంటూ దిగుతారు. సముద్రంలో దిగొచ్చాక మంచినీళ్లతో కడగకపోతే ఉప్పు గడ్డకట్టి ఆ వాల్వ్ తెరుచుకునే ఇరుక్కుపోవచ్చు. అప్పుడు సూటు బెలూన్‌లా ఉబ్బి మనిషిని ఒక్కసారిగా పైకి లేపేస్తుంది, ఊపిరితిత్తులకే ప్రమాదం. వాల్వ్ విప్పడం నేర్చినవాళ్ల పని.

వచ్చే వారం బిడ్డ సూటు తీసుకుని వెళ్తోంది. దగ్గరగా చూడాలంటే ఆలోపే రండి. చేతులు కడుక్కుని రండి, నూనె చేతులతో మెడ పట్టీ ముట్టుకోనివ్వను.

మీ సైకిల్ షాపు తాత