నియామక పత్రం మీది ఒక్క మాట: ఐక్యరాజ్య సమితి కొలువుల వెనక కథ

నిధుల కొరతతో సతమతమవుతున్న ఐక్యరాజ్య సమితిలో ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ 2025 మార్చిలో ‘యూఎన్80’ పేరిట సంస్కరణలు ప్రకటించి, ఆ తర్వాత పోస్టుల కోతకు ప్రతిపాదనలు పెట్టడంతో, ఉద్యోగి నియామక పత్రం మీద ఏ రకం నియామకమని రాసి ఉందన్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. పోస్టు రద్దయినప్పుడు ఎవరిని ఉంచుకోవాలో చెప్పే సమితి నిబంధన, కాలపరిమితి లేని నియామకాలున్న వారిని ముందు వరుసలోనూ, నిర్ణీత కాలానికి నియమితులైన వారిని వారి తర్వాతా నిలబెడుతుంది. రెగ్యులర్, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ అనే మాటలు ఇంటింటా వినిపించే మనకు ఇది పాత పంచాయితీ లాగే తోస్తుంది గానీ, అక్కడ ఈ తేడా పుట్టింది ఖర్చు లెక్కల్లోంచి మాత్రమే కాదు. ఉద్యోగి ఎవరికి విధేయుడై ఉండాలన్న వాదంలోంచి కూడా.

ఐక్యరాజ్య సమితికి ముందున్న నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్)కి తొలి ప్రధాన కార్యదర్శి అయిన ఎరిక్ డ్రమ్మండ్ ముందు రెండు దారులుండేవి: ఒక్కో దేశం తన మనుషులను పంపి, తానే జీతమిచ్చి నడిపించుకునే కార్యాలయం ఒకటి, జీతమూ ఆజ్ఞా సమితి నుంచే అందుకునే స్వతంత్ర సచివాలయం రెండోది. ఆయన రెండోదాన్నే ఎంచుకున్నారు. అత్యధిక జీతాలిచ్చే దేశపు ఉద్యోగి కూడా రావడానికి ఇష్టపడేంత వేతనం ఇవ్వాలన్న నోబుల్‌మేర్ సూత్రం 1921లో దానికి తోడైంది. 1945 నాటి ఐరాస చార్టర్ ఈ వారసత్వాన్ని రెండు అధికరణాల్లో ఇమిడ్చింది. సిబ్బంది ఏ ప్రభుత్వం నుంచీ ఆదేశాలు అడగరాదు, అందుకోరాదు అని నూరవ అధికరణం చెబుతుంది. సామర్థ్యం, యోగ్యత, నిజాయతీలే నియామకంలో ప్రధానమనీ, వీలైనంత విస్తృతంగా అన్ని ప్రాంతాల నుంచీ మనుషులను తీసుకోవడానికి తగిన ప్రాముఖ్యం ఇవ్వాలనీ నూటొకటవది చెబుతుంది. ఈ రెండింటిలో ఏది ముందన్న విషయంలో చార్టర్ మాట స్పష్టమే. పేచీ అంతా అమలులోనే.

కొలువు భద్రతకు తొలి పరీక్ష ఆతిథ్య దేశం నుంచే ఎదురైంది. కమ్యూనిస్టు వ్యతిరేక విచారణలు ఉధృతంగా సాగిన 1952–53లో, అమెరికా సెనేట్ ఉపసంఘం ప్రశ్నలకు జవాబివ్వ నిరాకరించిన అమెరికన్ ఉద్యోగులను అప్పటి ప్రధాన కార్యదర్శి ట్రిగ్వే లీ తొలగించారు. సిబ్బంది వివాదాలు తేల్చే సమితి పరిపాలనా ట్రిబ్యునల్ వారిలో 11 మందికి పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పగా, అమెరికా దాన్ని చెల్లించడానికి వీల్లేదని పట్టుబట్టింది. ఆ తీర్పులను తోసిపుచ్చే హక్కు సర్వప్రతినిధి సభకు లేదని అంతర్జాతీయ న్యాయస్థానం 1954లో తేల్చింది.

తర్వాతి ఒత్తిడి రెండో వైపు నుంచి వచ్చింది. సోవియట్ యూనియన్ తన పౌరులను కొన్నేళ్ల డెప్యుటేషన్ మీద మాత్రమే పంపేది. శాశ్వత కొలువంటే దానికి సమ్మతం కాదు. తటస్థ దేశాలుంటాయేమో గానీ తటస్థ మనుషులుండరన్నది సోవియట్ నేత క్రుశ్చేవ్ వాదన. దానికి 1961 మేలో ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసంలో బదులిచ్చిన అప్పటి ప్రధాన కార్యదర్శి డాగ్ హమర్‌షెల్డ్, సిబ్బందిలో ఎక్కువమంది డెప్యుటేషన్ మీద వచ్చినవారే అయితే సచివాలయం అంతర్జాతీయంగా పనిచేయలేదని హెచ్చరించారు. న్యాయంగా చూస్తే, స్వల్పకాల నియామకాలను కోరింది మాస్కో ఒక్కటే కాదు. ఒక్క 1960లోనే 17 దేశాలు కొత్తగా సమితిలో చేరాయి. పాశ్చాత్యులు శాశ్వతంగా కూర్చున్న కుర్చీలు ఖాళీ కాకపోతే తమ వంతు ఎప్పుడొస్తుందన్న ఆ దేశాల ప్రశ్నలో న్యాయముంది. కొలువుల్లో దేశాల వాటా తేల్చే సూత్రం చాలాసార్లు మారి, 1988 నుంచి సమితికి దేశం చెల్లించే చందాకు 55, సభ్యత్వానికి 40, జనాభాకు 5 శాతం తూకంతో అమలైంది. జనాభా తూకం ఇంత తక్కువైతే భారత్ లాంటి దేశానికి ఒరిగేదేమిటో వేరే చెప్పనక్కరలేదు.

డెప్యుటేషన్ చిక్కు 1983లో బయటపడింది. డెప్యుటేషన్ మీద వచ్చి అమెరికాలో ఆశ్రయం కోరిన ఒక సోవియట్ ఉద్యోగికి ఆ ఏడాది చివర గడువు ముగియగానే సమితి కొనసాగింపు ఇవ్వలేదు. అయిదేళ్లు బాగా పనిచేసిన నిర్ణీత కాల ఉద్యోగిని శాశ్వత కొలువుకు సముచితంగా పరిశీలించాలని సర్వప్రతినిధి సభ 1982లోనే తీర్మానించినా, ట్రిబ్యునల్ ఆయనకు అనుకూలంగా తీర్పు ఇవ్వలేదు. 1987లో అంతర్జాతీయ న్యాయస్థానమూ ఆ తీర్పులో తప్పు పట్టలేదు.

సిబ్బంది నిబంధనావళి 100, 200, 300 అనే మూడు శ్రేణులుగా ఉండేది. శాంతిపరిరక్షణ దళాల పని పెరిగేకొద్దీ, ఒకే శిబిరంలో పక్కపక్క బల్లల వద్ద పనిచేసే ఇద్దరికి వేర్వేరు సౌకర్యాలు దక్కే పరిస్థితి వచ్చింది. 2008 డిసెంబరు నాటి సర్వప్రతినిధి సభ 63/250 తీర్మానం ఆ శ్రేణులను రద్దు చేయగా, 2009 జులై 1 నుంచి తాత్కాలిక, నిర్ణీత కాల, నిరంతర నియామకాలు మూడే మిగిలాయి. తాత్కాలికం ఏడాది లోపు. నిర్ణీత కాలం ఒక విడతకు ఏడాది నుంచి అయిదేళ్ల దాకా. నిరంతర నియామకానికి గడువు తేదీ ఉండదు. దాన్ని అందుకోవాలంటే సాధారణంగా కనీసం అయిదేళ్ల సర్వీసు ఉండాలి. కన్సల్టెంట్లు, వ్యక్తిగత కాంట్రాక్టర్లు ఈ లెక్కలోకే రారు, ఎందుకంటే నిబంధనల దృష్టిలో వారు సిబ్బందే కారు.

నిర్ణీత కాల నియామకం పొందిన వారి విషయంలో సిబ్బంది నియమావళి మాట కటువుగానే ఉంది: ఎన్నేళ్లు పనిచేసినా సరే, చట్టరీత్యా గానీ మరోలా గానీ, పునరుద్ధరణను ఆశించే హక్కు ఆ నియామకంతో రాదు.