తలటోపీ ఎలాస్టిక్: అపోహలు - వాస్తవాలు

మామిడి సీజన్ మొదలైతే చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల నుంచి మాకు జుట్టు కప్పే పల్చటి తలటోపీల ఆర్డర్లు పెరుగుతాయి. తిరుపతి ఆసుపత్రులకైతే ఏడాది పొడవునా పంపాల్సిందే. నాన్‌వోవెన్ (నేయకుండా తయారుచేసిన గుడ్డ) షీట్ అంచు మడిచి ఎలాస్టిక్ అతికించే టోపీల మెషీన్ గురించి కొనేవాళ్లలోనూ, కొత్తగా యూనిట్ పెట్టేవాళ్లలోనూ కొన్ని తప్పు నమ్మకాలు పాతుకుపోయాయి.

అపోహ: అంచు కుచ్చులు మెషీనే పెడుతుంది.
వాస్తవం: నడిమి మడతలు వేసేది మెషీనే. కుచ్చులు మాత్రం ఎలాస్టిక్ పని. 100 సెంటీమీటర్ల షీట్ నడిచేలోపు 40 సెంటీమీటర్ల ఎలాస్టిక్ మాత్రమే వదిలితే, అది రెండున్నర రెట్లు సాగి అతుక్కుంటుంది. కోసి వదలగానే వెనక్కి ముడుచుకుంటూ షీట్‌ను కూడా లాక్కుంటుంది.

అపోహ: ఎంత సాగదీస్తే టోపీ అంత గట్టిగా నిలుస్తుంది.
వాస్తవం: అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇదే. షిఫ్టంతా టోపీ తీయకుండా కాయలు కోసే ఆడవాళ్ల నుదుటి మీద ఎర్రటి గీత పడేది ఈ అతి టెన్షన్ వల్లే. పోనీ బిగువైనా మిగులుతుందా అంటే అదీ లేదు. ఎక్కువ సాగిన ఎలాస్టిక్ కోసిన చోట అతుకులోంచి జారిపోతుంది. ఎండాకాలం రేకుల గోడౌన్‌లో ఉంచితే రబ్బరు ఇంకా తొందరగా పాడవుతుంది. జుట్టు జారకుండా ఆపేంత బిగువు చాలు.

అపోహ: అల్ట్రాసోనిక్ వెల్డింగ్ (చెవికి వినిపించనంత వేగమైన కంపనాలతో అతికించడం) ఎలాస్టిక్‌ను కరిగించి అంటిస్తుంది.
వాస్తవం: రబ్బరు అలా కరిగి అతుక్కోదు. షీట్‌ను నొక్కే లోహపు భాగం, అంటే హార్న్, సాధారణంగా సెకనుకు 20 వేల సార్లు కంపిస్తుంది. ఆ రాపిడికి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన షీట్ సుమారు 160 డిగ్రీల దగ్గర కరిగి, మడత రెండు పొరలూ ఒకటై మధ్యలో ఎలాస్టిక్‌ను పట్టుకుంటాయి. నూలు గుడ్డ కరగదు కాబట్టి ఈ మెషీన్ మీద నడవదు.

స్పీడ్ పెంచితే లాభమనేది ఇంకో భ్రమ. అతుకుకు దొరికే సమయం తగ్గిపోతుంది. దాన్ని సరిచేద్దామని ప్రెషర్ పెంచితే పల్చటి షీట్‌కు చిల్లులు పడతాయి.

మడత వంకరపోతే వెంటనే మెకానిక్‌ను పిలుస్తారు. ముందు షీట్ రోల్ చూడండి. రోల్ పక్క అంచులు ఎగుడుదిగుడుగా ఉంటే షీట్ పక్కకు జరుగుతుంది, మడతలోకి తక్కువ గుడ్డ వెళ్తుంది, ఎలాస్టిక్ బయటపడుతుంది. రోల్ అదుపు తప్పి తిరగకుండా పట్టి ఉంచే బ్రేక్ వదులైనా ఇదే కథ.

కొనేవాళ్లు సరుకు దింపుకునే ముందు పెట్టెకు రెండు టోపీలు తీసి, పూర్తిగా సాగదీసి, చివరి అతుకుల దగ్గర ఎలాస్టిక్ జారిందేమో చూసుకోండి. జారితే ఆ పెట్టె వెనక్కి పంపండి, మా దగ్గర కొన్నదైనా సరే.