మేజోళ్ల ఊలుకి ఫుడ్ కలర్: తువ్వాలు వేసిన సీట్ల కథ

ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. ఇంగ్లండ్‌లో ఉన్న కూతురు మేజోళ్లు అల్లమని తెల్ల ఊలు పంపిందట. వంటింట్లో ఉన్న ఎర్ర ఫుడ్ కలర్, కాస్త వెనిగర్ వేసి ఉడికిస్తే ఊలు ఎర్రబడింది, గిన్నెలో నీళ్లు మంచినీళ్లలా తేరుకున్నాయి. ఆ ఉత్సాహంలో ఊళ్లో కొన్న ‘ఊలు’ ఉండనీ, ఇంట్లో ఉన్న నూలు దారాన్నీ అలాగే ఉడికించారు. రెండూ నాలుగు నీళ్లలో జాడించేసరికి తెల్లబోయాయి. “వెనిగర్ మూడింటికీ ఒకటే కదండీ, మరి ఈ పక్షపాతం ఏమిటి?” అంటున్నారు.

అల్లిక నాకు రాదు కాబట్టి సూదుల జోలికి వెళ్లను. నా దృష్టంతా ఆ తేరుకున్న నీళ్ల మీదే. గిన్నెలో వేసిన రంగు మొత్తం నీళ్లను వదిలేసి దారంలోకి ఎక్కి కూర్చుందంటే మాటలా!

ఫుడ్ కలర్ల అణువులకు నీటిలో ఋణావేశం ఉంటుంది. లేబుల్ మీద 102 అని ఉండే టార్ట్రజీన్ పసుపైనా, 122 కార్మోయిసిన్ ఎరుపైనా, 133 బ్రిలియంట్ బ్లూ అయినా ఒక్కో అణువుకి రెండో మూడో సల్ఫోనేట్ గుంపులు (గంధకం, ఆక్సిజన్ కలిసిన ఋణావేశపు తోకలు) ఉంటాయి. ఆ ఆవేశం వాటిదే. ఊలేమో కెరటిన్ అనే ప్రొటీన్, మన జుట్టులాగే. అందులో అమైనో గుంపులకు ధనావేశం, కార్బాక్సిల్ గుంపులకు ఋణావేశం. మామూలు నీటిలో ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి.

పండక్కి ఊరెళ్లే ఆర్టీసీ బస్సు గుర్తు తెచ్చుకోండి. సీట్లన్నీ ఖాళీయే, కానీ ప్రతి సీటు మీదా కిటికీలోంచి ఎవరో తువ్వాలు వేసేశారు. అమైనో గుంపు సీటు, కార్బాక్సిల్ తువ్వాలు. రంగు అణువు బస్సు దాకా వచ్చి కూడా నిలబడాల్సిందే. ఇప్పుడు వెనిగర్ పోశారు. అందులో నాలుగైదు శాతం ఎసిటిక్ ఆమ్లం. దాని ప్రోటాన్లు, అంటే ధనావేశమున్న హైడ్రోజన్ అయాన్లు, కార్బాక్సిల్ మీద చేరి ఆవేశాన్ని చల్లారుస్తాయి, అంటే తువ్వాళ్లన్నీ తీసి పారేసినట్టే. వెనిగర్ రంగుని ‘అతికిస్తుంది’ అనుకుంటారు చాలామంది. అది రంగుని ముట్టుకోనే ముట్టుకోదు, సీటు ఖాళీ చేయించి తప్పుకుంటుంది.

సీట్లు ఎన్నో లెక్క వేద్దాం. నూరు గ్రాముల ఊలులో అమైనో గుంపులు సుమారు 80 మిల్లీమోల్‌లు (మిల్లీమోల్ అంటే అణువుల్ని గుంపుగా లెక్కపెట్టే కొలత, గుడ్లకి డజనులా). ఒక గ్రాము టార్ట్రజీన్ అంటే రెండు మిల్లీమోల్‌ల కన్నా కొంచెం తక్కువ. ఒక్కో అణువు మూడేసి సీట్లు ఆక్రమించినా ఆరు మిల్లీమోల్‌లు దాటవు. బస్సులో పదో వంతు కూడా నిండలేదు! నీళ్లు తేరుకోకేం చేస్తాయి?

అయితే ఖాళీ బస్సులోనూ తోపులాట తప్పదు. తలుపు దగ్గరి సీట్లు ముందు నిండుతాయి. వెనిగర్ ముందే పోసి తర్వాత రంగు వేస్తే, రంగు పడిన చోటే ముద్దగా పట్టేసి లోపలి పోగులు పాలిపోయి ఉంటాయి. రంగు ముందు కలిపి, వెనిగర్ కొంచెం కొంచెంగా ఆలస్యంగా పోస్తే సమంగా పడుతుంది. మేజోళ్లు అల్లేవాళ్లలో చాలామందికి ఆ మచ్చలే ముద్దు, అది వేరే సంగతి. వేడి చేసే పని పోగుని ఉబ్బించి లోపలికి దారివ్వడం. 80, 85 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే చాలు. గరిటెతో తెగ తిప్పితే మాత్రం ఊలు పొలుసులు ఒకదాన్నొకటి కరుచుకుని మేజోడు కాదు, కంబళి ముక్క మిగులుతుంది.

ఇక ఉప్పు. కొత్త చీరని ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ‘కట్టేస్తుంది’ అని మన ఇళ్లలో గట్టి నమ్మకం. నూలుకి నేరుగా పట్టే ‘డైరెక్ట్’ రంగులు వేసేటప్పుడు ఉప్పు నిజంగానే సాయం చేస్తుంది. నూలంటే సెల్యులోజ్. నీటిలో దానికీ ఋణావేశమే, రంగుకీ ఋణావేశమే. ఉప్పు ఆ వికర్షణని తగ్గిస్తుంది. కానీ వదులుగా ఉన్న రంగుని శాశ్వతంగా పట్టి ఉంచే శక్తి దానికి లేదు, ఉప్పు లేని నీటిలో జాడిస్తే మళ్లీ దిగుతుంది. ఊలు దగ్గర ఉప్పు పని దీనికి పూర్తిగా తిరగబడుతుంది. దాని చిన్న క్లోరైడ్ అయాన్లు సందుల్లోంచి దూరి ముందే సీట్లలో కూర్చునే పిల్లలు. పెద్దవాళ్లు రాగానే లేస్తారు, కానీ ఈలోగా ఎక్కడం నెమ్మదిస్తుంది. ఒకే ఉప్పు నూలులోకి రంగుని నెడుతుంది, ఊలులోకి వెళ్లకుండా కాసేపు ఆపుతుంది. స్కూల్లో ఆమ్లం, క్షారం, లవణం అని సమీకరణాలు బట్టీ కొట్టించే బదులు ఈ రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏం పోయింది?

ఇప్పుడు ఆవిడ నూలు దారం సంగతి. సెల్యులోజ్‌లో అమైనో గుంపులు లేవు, వెనిగర్ ఎంత పోసినా ఖాళీ చేయించడానికి సీట్లే లేవు. అందుకే పెడన, మచిలీపట్నం కలంకారీవాళ్లు గుడ్డని ముందు కరక్కాయ, పటికలతో సిద్ధం చేసుకుంటారు. ఊళ్లో కొన్న ‘ఊలు’ మాత్రం నూటికి తొంభై పాళ్లు యాక్రిలిక్ అనే కృత్రిమ దారం అయ్యుంటుందని నా అనుమానం. దాని పోగులో ఉండేవి సాధారణంగా సల్ఫోనేట్ గుంపులే, అంటే మన రంగుకి స్వజాతి ఆవేశం. ఎక్కడం మాట అటుంచి, తోసేస్తాయి. చిన్న ముక్క పట్టకారుతో పట్టుకుని వెలిగించి చూడండి. జుట్టు కాలిన కంపు కొట్టి, మంట తనంతట ఆరిపోయి, బూడిద వేళ్ల మధ్య నలిగితే ఊలు. కరిగి నల్లటి గట్టి గుండులా మిగిలితే యాక్రిలిక్.

కూతురు పంపిన దానిలోనూ పావు వంతు నైలాన్ ఉండే అవకాశం ఎక్కువ. మడమ దగ్గర అరగకుండా మేజోళ్ల ఊలులో కలుపుతారు. నైలాన్ కొసల్లోనూ అమైనో గుంపులున్నాయి, కాకపోతే చాలా తక్కువ. లేత రంగు వేస్తే నైలాన్ ముందు పట్టేస్తుంది, ముదురు రంగు వేస్తే దాని సీట్లు త్వరగా నిండిపోయి ఊలే ముదురుగా కనిపిస్తుంది.

ఉతికేటప్పుడు చాకలి సోడా వద్దు. క్షారం తగిలితే అమైనో గుంపు ఆవేశం పోయి రంగు దిగిపోతుంది. కుంకుడు రసం కొంచెం ఆమ్లమే, దానికి భయం లేదు.

ఈ ఎక్కించడం, దించడం మీదే ఆహార పరీక్షశాలల్లో ఒక పాత పద్ధతి నడుస్తోంది. జిలేబీలో ఏ రంగు కలిపారో తేల్చాలంటే, దాని రసంలో ఆమ్లం కలిపి తెల్ల ఊలు పోగుని మరిగిస్తారు. రంగు పోగులోకి ఎక్కుతుంది, చక్కెర, నూనె బయటే ఉండిపోతాయి. కడిగి, పలచని అమోనియాలో వేస్తే, అదీ క్షారమే కాబట్టి, రంగు దిగుతుంది. ఆ శుభ్రమైన రంగుని కాగితం క్రొమటోగ్రఫీలో నడిపిస్తారు, అంటే కాగితం మీద చుక్క పెట్టి, పైకి పాకే ద్రవంతో ఏ రంగు ఎంత ఎత్తుకి వెళ్తుందో చూస్తారు. అనుమతి ఉన్న టార్ట్రజీన్ ఒక ఎత్తులో ఆగుతుంది. నిషేధించిన మెటానిల్ యెల్లో, నిజానికి అది ఊలు, పట్టు వంటి వాటికి వేసే రంగే, ఇంకో ఎత్తులో ఆగుతుంది. ఆ రెండో ఎత్తులో పసుపు మచ్చ కనపడితే స్వీటు షాపు మీద కేసే.