మూర్ఛా, షాకా, స్ట్రోకా? ప్రథమ చికిత్స మాటల చుట్టూ అపోహలు - వాస్తవాలు

108కి ఫోన్ చేసినప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాటను బట్టే అవతలివాళ్ల ప్రశ్నలు సాగుతాయి. "హార్ట్ ఎటాక్ అండీ" అంటే ఒక దారి, "మూర్ఛ వచ్చిందండీ" అంటే ఇంకో దారి. మన గోదావరి జిల్లాల్లో ఈ మాటలు ఒకదాని బదులు ఒకటి దొర్లిపోతుంటాయి. పేరు మారితే చేసే పని కూడా మారిపోతుంది, చిక్కంతా అక్కడే. అందుకే జబ్బు పేరు గట్టిగా తెలియకపోతే చెప్పకండి. కంటికి కనిపించేది చెప్పండి: పిలిస్తే పలుకుతున్నాడా, ఊపిరి మామూలుగా ఆడుతోందా, రక్తం పోతోందా.

అపోహ: హార్ట్ ఎటాక్ అన్నా, గుండె ఆగిపోయింది అన్నా ఒకటే.

హార్ట్ ఎటాక్‌లో గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోతుంది. గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది, మనిషికి తెలివి ఉంటుంది. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండటం, నొప్పి చేతికో దవడకో పాకడం, చల్లచెమటలు పట్టడం దీని గుర్తులు. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో నొప్పి లేకుండా ఆయాసం, వికారం మాత్రమే కనిపించవచ్చు. గ్యాసేలే అని సోడా పట్టించి పడుకోబెట్టేది సరిగ్గా వీళ్లనే. ఈ మనిషిని నడిపించకూడదు, మేడ మెట్లు దింపకూడదు, మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లకూడదు. వీపుకు ఆనుడు పెట్టి కూర్చోబెట్టి 108కి చెప్పాలి. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తస్రావం సమస్య ఉన్నవాళ్లు కాకపోతే సుమారు 300 మి.గ్రా. ఆస్పిరిన్ నమిలించవచ్చు. సీపీఆర్, అంటే ఛాతీ నొక్కి రక్తం ఆడించడం, అక్కర్లేదు.

గుండె ఆగిపోవడం, అంటే కార్డియాక్ అరెస్ట్, వేరు. మనిషి ఉన్నట్టుండి కుప్పకూలతాడు, భుజం తట్టినా పలకడు, ఊపిరి ఉండదు. ఊపిరి విషయంలోనే చాలామంది పొరబడతారు. ఆగిపోయిన గుండెతో కూడా కొన్ని నిమిషాలపాటు ఎగశ్వాస రావచ్చు. చేప నోరు తెరిచినట్టు ఆగి ఆగి ఒక్కో గుటక, గురక లాంటి చప్పుడు. "ఊపిరి ఉందిలే" అని చుట్టూ ఉన్నవాళ్లు ఆగిపోయేది అప్పుడే. పలకని మనిషికి ఎగశ్వాస వస్తుంటే అది ఊపిరి కింద లెక్క కాదు. వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి.

మనిషిని ముందు నేల మీదికి దించండి. నవారు మంచం మీద నొక్కితే మంచం కుంగుతుంది తప్ప ఛాతీ కుంగదు. రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించి, దానిపై రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెం.మీ. లోతు నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, లేకపోతే గుండెలోకి రక్తం తిరిగి నిండదు. నోటితో శ్వాస ఇవ్వడం నేర్చుకున్నవాళ్లయితే 30 నొక్కులకు 2 శ్వాసలు, రానివాళ్లయితే నొక్కులు మాత్రమే. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. మీకు అలసట తెలిసేలోపే నొక్కుల లోతు తగ్గిపోతుంది. పక్కటెముక విరుగుతుందేమోనన్న భయం వద్దు, విరిగితే అతుక్కుంటుంది.

ఇంకో మాట. సినిమాల్లో తెర మీద గీత చదునుగా సాగిపోగానే ఛాతీకి కరెంటు పెడతారు. నిజానికి ఆ గీతకు కరెంటు పనిచేయదు. గుండె లయ తప్పి గిలగిల్లాడుతున్నప్పుడే ఏఈడీ, అంటే ఛాతీకి కరెంటు ఇచ్చే యంత్రం, పనికొస్తుంది. కరెంటు ఇవ్వాలో వద్దో ఆ యంత్రమే చూసి చెబుతుంది.

అపోహ: మూర్ఛ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టాలి.

ఏ మూర్ఛ? ఎండలో నిలబడి సొమ్మసిల్లినా మూర్ఛపోయాడంటాం, ఫిట్స్ వచ్చినా మూర్ఛే అంటాం. సొమ్మసిల్లిన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఒక అడుగు ఎత్తితే ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటాడు. వెంటనే లేపి కూర్చోబెడితే మళ్లీ పడిపోతాడు. ఫిట్స్ వస్తే తాళాలు, ఉల్లిపాయ, చెప్పు, ఏదీ పనిచేయవు. రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది కాబట్టి ఆ పేరు తాళాలకు దక్కుతోంది. పళ్ల మధ్య చెంచా పెడితే పళ్లూడి గొంతులోకి పోతాయి. చుట్టుపక్కల గట్టి వస్తువులు తీసేసి, తల కింద మెత్తటిది పెట్టి, గడియారం చూడండి. కొట్టుకోవడం ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వచ్చినా, గర్భిణికి వచ్చినా, మొదటిసారి వచ్చినా 108.

అపోహ: షాక్ అంటే కరెంటు కొట్టడమే.

ఆసుపత్రి కాగితం మీద "షాక్" అని రాస్తే దానర్థం శరీర భాగాలకు చాలినంత రక్తం అందడం లేదని. ఎక్కువ రక్తం పోయినా, ఒళ్లు బాగా కాలినా, విరేచనాలతో నీరంతా పోయినా, తీవ్రమైన అలర్జీ వచ్చినా ఇది రావచ్చు. పాలిపోయిన ముఖం, చల్లటి జిగట చెమట, వేగంగా బలహీనంగా నాడి, కంగారు, ఆ తర్వాత మగత. రక్తం పోయి ఈ స్థితిలో ఉన్న మనిషికి మజ్జిగో కాఫీయో పట్టించకండి. వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆపరేషన్‌కు మత్తు ఇవ్వడానికీ అడ్డొస్తుంది. పడుకోబెట్టి, రక్తం ఆపి, దుప్పటి కప్పండి.

ఇక కరెంటు షాక్. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల దగ్గర ఎయిరేటర్ల వైర్లు గట్టు మీదుగా నీళ్లలోకి పోతుంటాయి. నీళ్లలో మనిషి కదలకుండా ఉంటే దూకకండి, రెండో మనిషి పోయేది అలాగే. స్టార్టర్ బాక్సు దగ్గర స్విచ్ కాదు, మెయిన్ ఆపాలి. రబ్బరు చెప్పులు తడి గట్టు మీద కాపాడతాయని నమ్మకండి. బయటకు తీశాక ఇసుకలో కప్పడం, అరికాళ్లు రుద్దడం అన్నీ కాలయాపన. పలకక, ఊపిరి లేకపోతే సీపీఆరే. లేచి తిరుగుతున్నా ఒకసారి ఈసీజీ తీయించాలి.

అపోహ: కాలువలో పడ్డవాడి చేత ముందు నీళ్లు కక్కించాలి.

డెల్టాలో అన్నిటికన్నా ఎక్కువ చేటు చేస్తున్న నమ్మకం ఇదేనని మా అభిప్రాయం. తలకిందులుగా పట్టుకుని ఊపడం, బోర్లా వేసి వీపు మీద ఎక్కడం, పొట్ట నొక్కడం. అలా బయటికొచ్చే నీళ్లు చాలావరకు కడుపులోవి. వాటితోపాటు తిన్న అన్నం పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. మునిగిన మనిషికి కావలసింది గాలి.

ఇక్కడ సీపీఆర్ వరుస కూడా వేరు. మామూలుగా కుప్పకూలిన పెద్దవాళ్ల రక్తంలో కొన్ని నిమిషాలకు సరిపడా ఆక్సిజన్ మిగిలి ఉంటుంది, అందుకే నొక్కులు మాత్రమే చేసినా ఫలితం ఉంటుంది. నీట మునిగినవాళ్లలో గుండె కన్నా ముందు ఆక్సిజన్ అయిపోతుంది. కాబట్టి మొదట శ్వాసలు. తల కాస్త వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, ఛాతీ లేవడం కనిపించేలా ఒక్కోటి ఒక సెకను చొప్పున 2 నుంచి 5 శ్వాసలు ఊదాలి. ఆ తర్వాత 30కి 2. నోట్లోంచి తెల్లటి నురగ వస్తూనే ఉంటుంది. దాన్ని తుడుస్తూ కూర్చోకండి, నురగ మీదే ఊదండి. వాంతి అయితే మాత్రం పక్కకు తిప్పి తీసేయాలి.

ఒడ్డున ఉన్నవాళ్లు దూకే ముందు చీరో, తాడో, మూత బిగించిన ఖాళీ క్యానో విసరాలి. లాకుల దిగువన నీళ్లు సుడి తిరిగే చోట ఈత వచ్చినవాళ్లు కూడా తేలలేరు. 2027 పుష్కరాలకు రేవుల్లో జనం నిండకముందే ఈ ఒక్కటైనా ఊరూరా నేర్పితే మంచిది.

డ్రౌనింగ్ అంటే చనిపోవడమనే వాడుకుంటున్నాం. నీటిలో మునగడం వల్ల ఊపిరికి ఇబ్బంది కలగడమే డ్రౌనింగ్, బతికినా అది డ్రౌనింగే అని 2002లో ఆమ్‌స్టర్‌డామ్ సదస్సు తేల్చింది. "డ్రై డ్రౌనింగ్" అని వాట్సాప్‌లో తిరిగేది వైద్యులు వాడే మాట కాదు. బయటపడ్డాక దగ్గు, ఆయాసం, మగత ఉంటే మాత్రం ఆసుపత్రిలో కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉండాలి.

అపోహ: కట్టు అంటే గట్టిగా కట్టడమే.

మూడు రకాల కట్లున్నాయి, మూడూ వేరు. రక్తం ఆపడానికి గాయం మీద నేరుగా నొక్కి కట్టేది మొదటిది. గుడ్డ తడిసిపోతే దాన్ని తీయకుండా పైన ఇంకోటి వేసి నొక్కాలి. తీస్తే గడ్డకట్టిన రక్తం ఊడి వస్తుంది. రెండోది టూర్నికే. చెయ్యో కాలో తెగి రక్తం చిమ్ముతూ నొక్కినా ఆగనప్పుడే అది. గాయానికి 5 నుంచి 7 సెం.మీ. పైన, కీలు మీద కాకుండా, కనీసం రెండు వేళ్ల వెడల్పున్న పట్టీతో బిగించి, బిగించిన టైము నుదుటి మీదైనా రాయాలి. మూడోది బద్ద కట్టు, కదలకుండా ఉంచడానికి.

పాము కరిస్తే కావలసింది ఈ మూడోదే. సార్వా కోతలప్పుడు చేలో, రాత్రిళ్లు గడ్డివాముల దగ్గర కాటు పడగానే జనం తాడుతో బిగించేస్తారు. రక్తపింజర విషం కండను కుళ్లబెడుతుంది, తాడు దాన్ని ఒకచోటే నిలబెట్టి ఇంకా పాడుచేస్తుంది. కోయడం, పీల్చడం, ఐసు పెట్టడం వద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేయండి, వాపు వచ్చాక అవే ఉరితాళ్లవుతాయి. ఎవరైనా అప్పటికే గట్టిగా కట్టేసి ఉంటే దారిలో టక్కున విప్పకండి. విరుగుడు మందు సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలో డాక్టరే విప్పాలి. కట్లపాము కాటుకు నొప్పి, వాపు అంతగా ఉండవు. తెల్లారేసరికి కడుపునొప్పి, కళ్ల రెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. పామును చంపి తేవక్కర్లేదు. మన దగ్గర ఇచ్చే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది.

అపోహ: పురుగుల మందు తాగితే ఉప్పునీళ్లు పోసి కక్కించాలి.

వద్దు. మగతలో ఉన్న మనిషి కక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కిరోసిన్ వాసనొచ్చే ద్రావణాలైతే మరీ ప్రమాదం. మందు పడ్డ బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్లు కడగండి, మీరు చేతులకు కవర్లు తొడుక్కోండి. డబ్బా వెంట తీసుకెళ్లండి. లేబుల్ మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగు విషం తీవ్రతను చెబుతుంది, ఎరుపు అన్నిటికన్నా తీవ్రం. ఆకుపచ్చే కదా అని ఇంట్లో ఉంచుకోకండి.

అపోహ: చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదు.

మన ఉక్కపోతలో చెమట పడుతుంది కానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. తేడా చెమటలో లేదు, తెలివిలో ఉంది. నీరసం, తలనొప్పి ఉండి తెలివిగా మాట్లాడుతుంటే ఎండ బడలిక. నీడ, లీటరు నీళ్లలో కలిపిన ఓఆర్ఎస్ ప్యాకెట్ చాలు. పొంతన లేకుండా మాట్లాడుతుంటే, ఒళ్లు 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటే అదీ వడదెబ్బ. నోట్లో ఏమీ పోయకుండా ఒళ్లంతా నీళ్లు పోసి, ఫ్యాన్ పెట్టి, చంకల్లో గజ్జల్లో ఐసు పెట్టాలి. పారాసిటమాల్ దీనికి పనిచేయదు.

అపోహ: గోల్డెన్ అవర్ అంటే గంట టైముంది.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం గాయమైన తర్వాతి మొదటి గంటకు ఆ పేరు పెట్టింది. ఆ గంటలో వైద్యం అందితే బతికే అవకాశం ఎక్కువన్నది దాని అర్థం. గంటసేపు ఆగవచ్చని కాదు. ఆగిన గుండెకు నాలుగైదు నిమిషాలే. పక్షవాతం, అంటే బ్రెయిన్ స్ట్రోక్, వస్తే గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల గడువు. మూతి వంకర కనిపించిన టైము నుంచి కాదు, చివరిసారి బాగున్నాడని చూసిన టైము నుంచి లెక్క. అదే చట్టంలోని 134ఎ సెక్షన్ ప్రకారం, మంచి మనసుతో సాయపడినవాళ్ల మీద కేసులుండవు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

లంక గ్రామాల్లో ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. 108 బండి అవతలి రేవు దాకానే వస్తుంది. కాబట్టి ఫోన్ చేసేటప్పుడే ఏ రేవుకు రావాలో చెప్పండి. ఒక మనిషి పడవ ఆపించాలి, ఇంకొకరు అవతలి గట్టున టార్చితో నిలబడాలి. రాత్రిపూట పంటు (రేవు దాటించే పెద్ద పడవ) నడవని ఊళ్లలో పడవవాళ్ల నంబర్లు ఇంటి గోడ మీద రాసుకోండి.