కొలోవా బాతు: ‘ఎలాగూ సంకరమే కదా’ అనేవాళ్లకు

హవాయి దీవుల కొలోవా బాతు ఊసెత్తితే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు: “అది పుట్టిందే రెండు జాతులు కలిసి కదా, ఇప్పుడు మల్లార్డ్ అనే పచ్చతల అడవి బాతుతో కలిస్తే కొత్తగా పోయేదేముంది?” చదువుకున్నవాళ్ల నోటే ఈ మాట ఎక్కువ. కానీ ఈ బాతుకు ఎక్కువ చేటు చేస్తున్నది ఆ సంకరమే, కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: కొలోవా సంకరజాతి, కాబట్టి సంకరంతో దానికి ముప్పు లేదు.

వాస్తవం: మొదటి సగం నిజం. మల్లార్డ్, హవాయి దీవులకే చెందిన లేసాన్ బాతుల కలయికతో ఇది పుట్టిందని 2015లో వచ్చిన జన్యు పరిశోధన చెప్పింది. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ చూస్తే మల్లార్డ్‌కు తోబుట్టువే అనిపిస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్ఏలో మాత్రం రెండు జాతుల వాటా దాదాపు సమానం. అయితే ఆ కలయిక జరిగింది మంచుయుగం ముగిసేవేళ, ఇంచుమించు 10,000 ఏళ్ల కిందట. తర్వాత ఈ బాతు దీవుల్లోనే ఉండిపోయి, తనదైన జాతిగా నిలదొక్కుకుంది. వలస పోదు. మగదానికి మల్లార్డ్ లాంటి పచ్చతల లేదు. మగది సగటున 600 గ్రాములు తూగుతుంది. మగ మల్లార్డ్ కిలో దాటుతుంది.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. 19వ శతాబ్దం చివరి నుంచి కొలనుల అందానికి, తర్వాత వేటకు తెచ్చిన మల్లార్డ్‌లు అక్కడే స్థిరపడ్డాయి. ఏడాది పొడవునా ఉంటాయి, ఏటా కొలోవాలతో జతకడతాయి. పుట్టే పిల్లలు కంచరగాడిదల్లా గొడ్డుబోవు. అవీ గుడ్లు పెడతాయి. అందువల్ల పరాయి జన్యువులు ఆగకుండా వచ్చి పడుతున్నాయి. ఒవాహూ, మావీ దీవుల్లో మిగిలినవి చాలావరకు సంకరాలే. 1950ల చివరి నుంచి పెంపక కేంద్రాల్లో పెరిగిన కొలోవాలను వదిలారు గానీ, మల్లార్డ్‌లను ముందుగా తీసెయ్యలేదు. వదిలినవీ ఆ గుంపులోనే కలిసిపోయాయి. అచ్చమైన కొలోవాకు ఇప్పుడు ప్రధానంగా కవాయీ, నీహౌ దీవులే దిక్కు.

అపోహ: పెంపుడు బాతును చెరువులో వదిలితే దాని బతుకు అది బతుకుతుంది.

బతుకుతుంది, అదే సమస్య. తెల్ల పెకిన్ అయినా, మన ఊళ్లలో పెంచే ఖాకీ క్యాంప్‌బెల్ అయినా మల్లార్డ్ సంతతే, అదీ కొలోవాతో కలిసిపోతుంది. పెంపుడు బాతుల్లో మస్కోవీ ఒక్కటే వేరే జాతి.

అపోహ: సంకరాన్ని చూసి పట్టెయ్యొచ్చు.

తొలితరం మగదాన్ని పట్టొచ్చు: తల మీద పచ్చ నిగనిగ, మెలితిరిగిన నల్ల తోక ఈకలు, పెద్ద ఒళ్లు. మళ్లీ కొలోవాతో రెండు మూడు తరాలు కలిశాక ఆ గుర్తులు చెరిగిపోతాయి. ఆడ మల్లార్డ్ ఎలాగూ గోధుమరంగే, రెక్క మీది నీలిపట్టీ రెండింటికీ ఉంటుంది. అనుమానం ఉంటే రక్తమో ఈకో తీసి డీఎన్ఏ చూడాల్సిందే. ఫోటో చూసి తీర్పు చెప్పేవాళ్లను నమ్మకండి.

అపోహ: దీవి బాతు ఎగరలేదు. నిజానికి ఎగరలేనివి మోవా నాలో అనే పెద్ద బాతులు. మనుషులు వచ్చాక అంతరించాయి. కొలోవా కొండవాగుల నుంచి చేమమడులకు హాయిగా ఎగిరివస్తుంది.

అపోహ: తల్లి కనబడకపోతే గూడు వదిలేసినట్టే. గూడు నేల మీదే, గడ్డిలో ఉంటుంది. తల్లి ఒక్కతే సుమారు నాలుగు వారాలు పొదుగుతుంది, మేతకు లేచేటప్పుడు గుడ్లను నూగు ఈకలతో కప్పిపోతుంది. మీ కంగారు అర్థమవుతుంది, కానీ గుడ్లు ముట్టుకోకండి. పిల్లిని మాత్రం ఇంట్లో కట్టడి చెయ్యండి.

అపోహ: బాతులు తూలి పడితే ఎవరో విషం పెట్టారు.

ఈ పుకారు ఇక ఆపండి. చాలాసార్లు కారణం బొటులిజం. వేడెక్కి, ఆక్సిజన్ తగ్గిన నిలవనీటిలో బ్యాక్టీరియా విషం తయారుచేస్తుంది. ముందు కాళ్లు, రెక్కలు పడిపోతాయి, తర్వాత మెడ వాలి నీళ్లలోనే మునిగిపోతుంది. చచ్చిన పక్షి మీది పురుగుల్లో విషం పేరుకుంటుంది, వాటిని తిన్న బాతూ పడిపోతుంది. అందుకే కళేబరాలను రోజూ ఏరెయ్యాలి. బతికున్నదాన్ని చూస్తే నోట్లో నీళ్లు పోయకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడ ఎత్తి ఉండేలా గుడ్డలో చుట్టి, గాలాడే పెట్టెలో నీడన పెట్టి, వన్యప్రాణి సిబ్బందికి వెంటనే ఫోన్ చెయ్యండి. తొందరగా దొరికినవాటిలో చాలా కోలుకుంటాయి.