మట్టి గోడలపై అపోహలు – వాస్తవాలు

పాత మట్టి కట్టడాలకు మరమ్మతులు చేయడం, కొత్తవాటికి గోడలు వేయించడం నా వృత్తి. యజమానులు, ఇంజనీర్లు, వారసత్వ పరిరక్షణ కోరేవారు పదే పదే చెప్పే మాటలు కొన్ని మట్టిని మరీ తక్కువ చేస్తే, మరికొన్ని అనవసరంగా ఆకాశానికెత్తుతున్నాయి. రెండింటివల్లా దెబ్బ తినేది కట్టడాలే కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించడం అవసరమని భావిస్తున్నాను.

అపోహ: వానలు ఎక్కువగా కురిసే చోట మట్టి గోడ నిలవదు.

చైనాలోని ఫుజియాన్ కొండ ప్రాంతంలో వర్షాలు బాగా కురుస్తాయి. అక్కడ 15వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం వరకు దిమ్మిస కొట్టిన (పొరలుగా పోసి గట్టిగా అదిమిన) మట్టితో నిర్మించిన మూడు నుంచి అయిదు అంతస్తుల సామూహిక నివాసాలు నేటికీ నిలిచి ఉన్నాయి. వాటిలో 46 కట్టడాలను యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో, గడ్డి కలిపి తొక్కిన మట్టిని వరుసలుగా పేర్చి కట్టిన ఇళ్లలో శతాబ్దాలుగా జనం కాపురముంటున్నారు. ఈ రెండు చోట్లా గోడ అడుగున రాతి పీఠం, పైన గోడను దాటి ముందుకు వచ్చిన చూరు తప్పనిసరిగా కనిపిస్తాయి. గోడ ముఖం మీద పడిన జల్లు ఆరిపోతుంది. నేల నుంచి ఎగబాకే చెమ్మ, కారుతున్న కప్పులోంచి గోడ తల మీదికి దిగే నీరు, చూరు నుంచి పడి చిందుతూ గోడ పాదాన్ని కోసే నీరు మాత్రం ఆరకుండా నిలిచిపోతాయి; గోడను పడగొట్టేవి అవే.

అపోహ: సిమెంటు పూత పూస్తే మట్టి గోడ గట్టిపడుతుంది.

మంచి ఉద్దేశంతోనే చేసినా, పాత మట్టి కట్టడాలకు ఇంతకంటే ఎక్కువ హాని చేసిన మరమ్మతు నేను చూడలేదు. గాలిలోని తేమను బట్టి మట్టి గోడ కొద్దికొద్దిగా ఉబ్బుతూ, కుంచించుకుపోతూ ఉంటుంది. బిగుసుకుపోయిన సిమెంటు పూత ఆ కదలికను అనుసరించలేక సన్నగా బీటలు వారుతుంది. ఆ బీటల్లోంచి లోపలికి చేరిన వాన నీరు, సిమెంటు తేమను తగినంతగా బయటికి పోనివ్వదు కనుక, గోడ లోపలే కిందికి దిగి పాదం దగ్గర పోగవుతుంది. తేమ పెరిగేకొద్దీ బంకమట్టి బలం తగ్గుతుంది. అందువల్ల పైకి చక్కగా, రంగుతో సహా కనిపించే గోడ ఒకరోజు అడుగు నుంచి జారిపోతుంది, అప్పటిదాకా ఎవరికీ అనుమానం రాదు.

దీన్ని ముందుగా కనిపెట్టవచ్చు. పాదానికి మూడడుగుల ఎత్తులోపు పూతను వేలి మెటికలతో తట్టుకుంటూ వెళితే, పూత గోడను వదిలేసిన చోట బోలుగా మోగుతుంది. అక్కడ అరచేతి మేర పూత ఊడదీసి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న గోడలోకి చాకు మొన కూడా సులువుగా దిగదు. చెమ్మ పట్టిన గోడలోకి బొటనవేలే దిగుతుంది. అంతమాత్రాన తొందరపడి పూత మొత్తాన్ని ఒక్కసారిగా కొట్టేయకూడదు, ఎందుకంటే కొన్నిసార్లు మెత్తబడిన గోడను ఆ పూతే పట్టి నిలుపుతూ ఉంటుంది. ముందు కప్పు బరువు మోసేలా ఆసరాగా పోట్లు పెట్టి, గోడ పక్కన నీరు నిలవకుండా కాలువ తీసి, ఆ తర్వాత భాగాలుగా పూత తీసి నెలల తరబడి ఆరనివ్వాలి. అదే మట్టితో పోసి ఎండబెట్టిన పచ్చి ఇటుకలను మట్టి అడుసుతో బిగించి, పైన మట్టి పూతగానీ సున్నపు పూతగానీ వేయాలి. వీధి రోడ్డును పొర మీద పొరగా ఎత్తు చేస్తూ పోయినప్పుడు రాతి పీఠం పూడిపోయి గోడకు ఇదే గతి పడుతుందని పురపాలక ఇంజనీర్లు గుర్తించాలని నా విజ్ఞప్తి.

అపోహ: ఎక్కడి మట్టి అయినా పనికొస్తుంది.

పైమట్టి పనికిరాదు, అందులోని వేర్లు, ఆకులు కుళ్లి గోడను గుల్ల చేస్తాయి. దిమ్మిస గోడకు ఇసుక, గులకరాళ్లు ఎక్కువగా, బంకమట్టి సుమారు 15 నుంచి 30 శాతం ఉండాలి. సగానికి పైగా నీళ్లు పోసిన గాజు సీసాలో మట్టి వేసి బాగా కుదిపి కదలకుండా ఉంచితే, ఇసుక క్షణాల్లో అడుగుకు చేరుతుంది, ఒండ్రు గంటల్లో దిగుతుంది, బంకమట్టి మర్నాటి దాకా నీటిని మురికిగానే ఉంచుతుంది. బంకమట్టి పాలు ఎంతో తెలిస్తే చాలదు, అది ఏ రకమో కూడా తెలియాలి. కయొలినైట్ రకం తడికి పెద్దగా ఉబ్బదు, మాంట్‌మొరిల్లొనైట్ మాత్రం విపరీతంగా ఉబ్బి, ఆరినప్పుడు నెర్రెలు విచ్చుతుంది.

అపోహ: మట్టి ఇల్లు ఎండలోనైనా చలిలోనైనా హాయిగా ఉంటుంది.

మందపాటి మట్టి గోడ పగటి వేడిని నిల్వ చేసుకుని గంటల తరబడి ఆలస్యంగా లోపలికి వదులుతుంది. పగలు ఎండ, రాత్రి చల్లదనం ఉండే చోట దీని మేలు స్పష్టంగా తెలుస్తుంది. రాత్రిళ్లు కూడా ఉక్కపోసే చోట ప్రయోజనం తక్కువ; గాలి ఆడేలా కట్టుకోవడమే అక్కడ ముఖ్యం. గట్టి చలి ఉండే దేశాల్లో మట్టి గోడకు వేరుగా ఉష్ణ నిరోధక పొర కావాలి.

అపోహ: భూకంపం వస్తే మట్టి ఇల్లు కూలక తప్పదు.

ఈ భయానికి ఆధారం ఉంది. 2003 డిసెంబర్ 26న ఇరాన్‌లోని బామ్ నగరాన్ని కుదిపేసిన భూకంపంలో 26 వేల మందికి పైగా మరణించారు, అక్కడి ప్రాచీన మట్టి కోట కూడా చాలావరకు నేలమట్టమైంది. మట్టి బరువును మోయగలదు కానీ లాగుడును తట్టుకోలేదు. అయితే ఆ బలహీనతకు విరుగుడు కనిపెట్టినవారూ ఉన్నారు. పెరూలోని కాథలిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పచ్చి ఇటుక గోడలకు వలను బిగించి, భూకంపంలా ఊపే కంపన వేదికలపై పరీక్షించి, గోడ పగిలినా విడిపడి మీద పడకుండా ఆపవచ్చని చూపించారు. గోడ తలపై చుట్టూ పట్టీ కట్టడం, తలుపులు, కిటికీలు మూలలకు దూరంగా చిన్నవిగా పెట్టడం, మందానికి తగిన ఎత్తును మించి గోడ లేపకపోవడం కూడా అంతే ముఖ్యం. 2001 గుజరాత్ భూకంపంలో కచ్ ప్రాంతపు గుండ్రని మట్టి ఇళ్లు, భుంగాలు, చాలావరకు తట్టుకున్నాయి, మూలలు లేని ఆ ఆకారం వాటికి కలిసొచ్చింది.

అపోహ: సిమెంటు కలిపితేనే అది ఆధునిక మట్టి కట్టడం.

తడికి నేరుగా గురయ్యే చోట్ల సిమెంటు కలిపి అదిమిన ఇటుకలు ఉపయోగపడతాయి, కాదనను. కానీ లెక్క చూడండి. 30 సెంటీమీటర్ల మందమున్న గోడలో ఒక చదరపు మీటరుకు దాదాపు 600 కిలోల మట్టి పడుతుంది. అందులో 8 శాతం సిమెంటు అంటే 48 కిలోలు. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో 7-8 శాతం సిమెంటు తయారీ వల్లే వస్తున్నప్పుడు, ఆ గోడను పర్యావరణ హితమని పిలవడానికి నాకు మనసొప్పదు. పైగా ఏమీ కలపని మట్టి గోడను పడగొడితే నానబెట్టి మళ్లీ గోడ వేయవచ్చు. సిమెంటు కలిపిన దానికి ఆ అవకాశం పోతుంది.

అపోహ: మట్టి ఇళ్లు బీదవారికి, లేదా ప్రదర్శనకు.

బుర్కినా ఫాసోలోని గాండో గ్రామంలో 2001లో మట్టి ఇటుకలతో బడి కట్టిన వాస్తుశిల్పి ఫ్రాన్సిస్ కేరేకు 2022లో ఆ రంగంలో అత్యున్నతంగా భావించే ప్రిట్జ్‌కర్ బహుమతి లభించింది. మాలిలోని జెన్నే మసీదు ప్రస్తుత కట్టడం 1907 నాటిది; ఊరంతా కలిసి ఏటా మట్టి పూత పూస్తారు, ఆ పూతే దాన్ని నిలబెడుతోంది. దాన్ని కదిలించకుండా భద్రపరచాలని పూత ఆపేస్తే కొన్ని వానలకే కరగడం మొదలవుతుంది. అలాగే మట్టి ఎప్పుడూ చౌక అనడం కూడా సరికాదు, ఎందుకంటే ఇందులో ఖర్చు చాలావరకు మనిషి శ్రమకే పోతుంది.

అపోహ: మట్టి కట్టడాలకు ప్రమాణాలు లేవు.

న్యూజిలాండ్ 1998లోనే ప్రమాణాలు ప్రకటించింది, జర్మనీలో 2013 నుంచి మట్టి ఇటుకలకు, అడుసుకు, పూతలకు వేర్వేరు ప్రమాణాలున్నాయి, పెరూకు పచ్చి ఇటుక నిర్మాణ నియమావళి ఉంది. భారతదేశంలో మట్టి కట్టడాల భూకంప భద్రతకు ఐఎస్ 13827, సిమెంటు, సున్నం వంటివి కలిపిన మట్టి ఇటుకలకు ఐఎస్ 1725 ఉన్నాయి. వీటిని చేత్తో అమలు చేయగల మేస్త్రీలే తక్కువ. ఒక్క సీసా పరీక్ష చేయకుండా, ఒక్క పోటు పెట్టకుండా డిగ్రీ పూర్తిచేసే సివిల్ విద్యార్థికి ఒక పూర్తి గోడను పునాది నుంచి పూత దాకా వేయించే పాఠం కావాలి, ఆ పాఠాన్ని అనుభవమున్న మట్టి మేస్త్రీలే జీతంపై చెప్పాలి.